ఐదో తరగతికి పూజగంట

కొత్తగా ఉద్యోగంలో చేరిన పంతుళ్ల కోసం వేస్తున్న సంచికకు నా అనుభవం ఒకటి రాసి ఇమ్మని అడిగారు. అనుభవం రాయమంటే మా వాళ్లందరూ ఏం రాస్తారో నాకు తెలుసు. పైకప్పు లేని బడిలో పాఠం చెప్పిన రోజులు, వాగు దాటి నడిచిన రోజులు, తాము అక్షరాలు దిద్దించిన పిల్లవాడు కలెక్టరై వచ్చి కాళ్లకు మొక్కిన రోజు. నా సర్వీసు మొత్తం మీద నా కాళ్లకు ఏ కలెక్టరూ మొక్కలేదు. నాకు వచ్చిందల్లా ఒకే ఒక్క ప్రశంసాపత్రం. దానికి ఫ్రేము కట్టించింది నా భార్య, గోడకు తగిలించింది నేను, దించింది కూడా నేనే. ఇప్పుడది అటక మీద పాత ట్రంకుపెట్టె వెనక ఉంది. అది ఎలా వచ్చిందో, ఎందుకు గోడ దిగిందో చెబుతాను.

తొంభైల నడిమి మాట. కాపురం హిందూపురంలో, ఉద్యోగం ధర్మవరంలో. పొద్దున్నే ప్యాసింజరెక్కి, పెనుకొండ కొండ కనబడేదాకా ఒక కునుకు తీసి, ధర్మవరంలో దిగి, నేతగాళ్ల వీధుల్లోంచి నడిచి బడికి చేరేవాణ్ని. రైలు ఏనాడైనా టైముకు వస్తే ప్లాట్‌ఫారం మీద మేమే కంగారుపడేవాళ్లం. మా ప్రాథమిక పాఠశాలకు రెండు పక్కలా మగ్గాల ఇళ్లే. తెల్లవారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా ఆ వీధిలో మగ్గాల చప్పుడు ఆగదు. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలకు మెల్లగా మాట్లాడటం అంటే ఏమిటో తెలియదు. పక్కవాణ్ని పలక అడగాలన్నా పక్క ఊరికి వినబడేలా అడుగుతారు. నాకిచ్చిన ఐదో తరగతిలో అలాంటివాళ్లు నలభై మందికి పైగా ఉన్నారు. సాయంత్రం ఇల్లు చేరేసరికి నాకు గొంతు ఉండేది కాదు. "మీరు ఇట్లే ఉంటే ఇల్లు బాగుంటాది" అని నా భార్య సంతోషపడేది.

ఆ ఏడాది వేసవిలో పెనుకొండలో పది రోజుల శిక్షణ అన్నారు. ఎండలు మండే రోజుల్లో, ఒక పాత హాల్లో, రెండు ఫ్యాన్ల కింద మమ్మల్ని అరవై మందిని కూర్చోబెట్టారు. ఫ్యాన్లలో ఒకటి తిరిగేది, ఒకటి చప్పుడు చేసేది. హాలు పైన గూళ్లలో పావురాలు కాపురం ఉండేవి. శిక్షణ ఇచ్చే లెక్చరరు వయసులో నాకంటే చిన్న, చదువులో చాలా పెద్ద. సఫారీ సూటు వేసుకొని వచ్చి, ప్రవర్తనావాదం అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు.

ఆయన చెప్పిన కథ ఇది. రష్యాలో ఒక పండితుడు కుక్కకు అన్నం పెట్టేముందు రోజూ గంట కొట్టాడట. కొన్నాళ్లకు అన్నం లేకపోయినా గంట మోగితే చాలు, కుక్కకు నోరు ఊరిందట. తరవాత అమెరికాలో ఇంకొక పండితుడు పావురాలకు సరైన పని చేసినప్పుడల్లా గింజ వేసి, వాటిచేత ఎన్ని వేషాలు వేయించాలో అన్నీ వేయించాడట. గంట ఉద్దీపన, నోరూరడం ప్రతిస్పందన, గింజ పునర్బలనం, ఇలా అలవాటు చేయడం నిబంధనం. ఇంతే చదువంటే. "మనసు మనకు కనబడదు. కనబడని దానితో ఉపాధ్యాయుడికి పనిలేదు. కనబడేది ప్రవర్తన. దాన్ని కొలవండి, దాన్ని మార్చండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే పైనున్న పావురమొకటి ఆయన హాజరు రిజిస్టరు మీద తన ప్రవర్తన చూపించింది. హాలంతా నిద్ర లేచి నవ్వింది. నేను నవ్వలేదు. నాకు నోట్సు రాసుకొనే పని ఉంది.

అవును, ఆ అరవై మందిలో నిద్రపోకుండా విన్నవాణ్ని నేనొక్కణ్నే. మిగతావాళ్లు హాయిగా నిద్రపోయి, తమ పిల్లలకు ఏ హానీ చేయకుండా రిటైరయ్యారు.

బడి తెరిచిన రోజు ఇంట్లో పూజగంట తీసి సంచిలో వేసుకున్నాను. హిందూపురం బజారులో కొత్త గంట కొనొచ్చు. కానీ శాస్త్రానికి సాయంత్రందాకా ఆగే ఓపిక లేదు. నా భార్య తలుపుకు అడ్డం నిలబడింది.

"దేవుడికి గంట ల్యాకుంటే యెట్ల?"

"దేవుడికి నిబంధనం ఎప్పుడో అయిపోయింది. దీపం చూపిస్తే చాలు, అర్థం చేసుకుంటాడు" అన్నాను.

పద్ధతి చాలా సులువు. నేను గంట కొట్టగానే పిల్లలు ఏం చేస్తున్నా ఆపి, చేతులు కట్టుకొని, నోటి మీద వేలు పెట్టుకొని నిటారుగా కూర్చోవాలి. ముందుగా కట్టుకున్నవాళ్లకు ఒక పిప్పరమెంటు, గోడ మీద చార్టులో పేరుకు ఎదురుగా ఒక ఎర్ర చుక్క. కట్టుకోనివాళ్లను తిట్టకూడదు, కొట్టకూడదు. వాళ్లు లేనట్టే ఉండాలి. పట్టించుకోకపోతే చెడ్డ ప్రవర్తన తనంతట తానే ఆరిపోతుందని పెనుకొండలో చెప్పారు.

మూడు వారాల్లో మా తరగతి మారిపోయింది. గంట చిన్నగా కదిపితే చాలు, నలభై చిల్లర నోళ్లు ఒక్కసారిగా మూతపడేవి. పక్క గదిలో రెండో తరగతి చెప్పే మేడమ్ మొదటిసారి అలా నిశ్శబ్దం విని, ఎవరికో ఏదో అయిందనుకొని పరుగెత్తుకొచ్చింది. మా హెడ్మాస్టరుకు రిటైర్మెంటు దగ్గర పడింది. ఎప్పుడూ వక్కాకు నములుతూ ఉండేవాడు, ఏ సిద్ధాంతాన్నీ నమ్మేవాడు కాదు. గుమ్మంలో నిలబడి కొంచెంసేపు చూసి, "బాగుండాదప్పా. ఈ గంట మా ఇంట్లో గూడా ఒకసారి కొట్టి పోరాదా?" అన్నాడు.

కొన్ని చిన్న ఇబ్బందులు రాకపోలేదు. ఒక తల్లి పిల్లవాణ్ని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. "ఏం నేర్పిస్తాండావు సార్ మా వానికి? గుళ్లో హారతిచ్చేటప్పుడు మొక్కురా అంటే, నోటి మీద యేలు పెట్టుకోని నిలబడ్తాండాడు. పూజారి తిట్టి పంపించినాడు" అంది. ఉద్దీపన సామాన్యీకరణం అంటారమ్మా దీన్ని, శుభసూచకం అని చెప్పాను. ఆమె నా ముఖం చూసి, పిల్లవాణ్ని లాక్కొని వెళ్లిపోయింది. మధ్యాహ్నం బడి ముందుకు ఐస్‌బండి గంట కొట్టుకుంటూ వస్తే, నా ఐదో తరగతి మొత్తం ఎక్కడివాళ్లక్కడ చేతులు కట్టుకొని నిలబడిపోయేది. బండివాడు అరిచి అరిచి, కొనేవాళ్లు లేక వెళ్లిపోయేవాడు.

ఒక్క పాప మాత్రం నేరుగా బండి దగ్గరికి పరుగెత్తి ఐసు కొనుక్కొనేది.

ఆ పాప గురించే ఇదంతా. సన్నగా ఉండేది. మొదటి వరసలో చివర కూర్చొనేది. జడల్లో, గౌను మీద ఎప్పుడూ రంగురంగుల పట్టుపోగులు అంటుకొని ఉండేవి. బడికి వచ్చేముందు, బడి వదిలాక వాళ్ల నాయనకు మగ్గం దగ్గర చీర అంచు వేసేది. మాట తక్కువ. చార్టులో మాత్రం ఎర్ర చుక్కలన్నీ ఆమె పేరు ముందే. మిగతా పిల్లలు గంట విన్నాక చేతులు కట్టుకొనేవాళ్లు. ఆ పాప గంట మోగుతుండగానే కట్టుకొని కూర్చొనేది. ఒక్కోసారి గంట కంటే ముందే కట్టుకున్నట్టు అనిపించేది. నేర్చుకున్న ప్రతిస్పందన ఇంత పక్వానికి రావడం పెనుకొండ నోట్సులో కూడా లేదు. ఐస్‌బండి సంగతి చూసి, ఈమెకు ఉద్దీపనలను వేరుచేసి గుర్తించే శక్తి కూడా ఉంది అని నా పుస్తకంలో రాసుకున్నాను. ఎర్ర సిరాతో, కింద గీత గీసి మరీ రాసుకున్నాను.

ఇంత తెలివైన పాపకు డిక్టేషన్‌లో మాత్రం సున్నాలు. బోర్డు మీదది చూసి రాయమంటే ముత్యాల్లా రాసేది. నేను చెబుతుంటే రాయమంటే పలక ఖాళీ, లేకపోతే నేను చెప్పిన మాటకు సంబంధం లేని మాట. డిక్టేషన్ చెప్పేటప్పుడు నాకు వరసల మధ్య, పిల్లల వీపుల వెనక తిరుగుతూ చెప్పే అలవాటు. కాపీ కొట్టేవాళ్లు అలా దొరుకుతారు.

రెండో తరగతి మేడమ్‌కు ఏ సిద్ధాంతమూ రాదు. శిక్షణకు కూడా రాలేదు, ఆ వేసవిలో ఆమెకు కాన్పు. ఒకరోజు భోజనాల దగ్గర, "సార్, ఆ పాపకు చెవులు సరిగ్గా వినపడ్తాండాయో లేదో ఒకసారి చూపిస్తే బాగుంటాది. నా దగ్గర చదివినప్పుడు గూడా పిలిస్తే పలికేది కాదు. చిన్నప్పుడు చెవిలో చీము కారేది" అంది.

నేను ఆమెను గోడ దగ్గరికి తీసుకెళ్లి చార్టు చూపించాను. "మేడమ్, తరగతిలో అందరికంటే ముందు గంటకు చేతులు కట్టేది ఈ పాపే. చెవుడుంటే గంట ఎట్ల వినబడుతుంది?" అన్నాను. ఆమె ఎర్ర చుక్కలు చూసింది, నన్ను చూసింది. నిజం ఆమె దగ్గరుంది, ఆధారాలు నా దగ్గరున్నాయి. బడుల్లో ఎప్పుడూ ఆధారాలే గెలుస్తాయి కాబట్టి నేను గెలిచాను.

దసరా సెలవులు అయ్యాక పాప వాళ్ల నాయన వచ్చాడు. పలుచని మనిషి, మగ్గం గుంతలో కూర్చొని కూర్చొని నడుము కొంచెం వంగింది. "సార్, డిక్టేషన్‌లో అన్నీ సున్నాలే తెస్తాండాది. చదువు రాని బిడ్డను బడికి పంపి యేం లాభం? వచ్చే నెల నుంచి పూర్తిగా మగ్గం కాడే కూసోబెట్టుకుంటా. అంచు బాగా వేస్తాది" అన్నాడు.

ఆ రోజు నేను ఒక్క మాట అంటే ఆగేవాడు. నేను అన్న మాట వేరు. "తెలివి ఉందప్పా. ఇష్టం లేదు. సోమరితనం" అన్నాను. సున్నా వచ్చినప్పుడల్లా పట్టించుకోకుండా వదిలేశాను, అయినా ఆమెలో మార్పు రాలేదు కాబట్టి అది సోమరితనమే అయి ఉండాలి. ఆయన తల ఊపి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. పాప చదువు ఎన్నాళ్లుందో ఆ నిమిషంలో తేలిపోయింది. నేను లోపలికెళ్లి పిల్లలకు ఎక్కాలు చెప్పాను.

ఆ నెలాఖరులోనే పెనుకొండ లెక్చరరు మా బడికి వస్తున్నాడని కబురు వచ్చింది. ఈలోగా ఆయన పర్యవేక్షణ అధికారి అయ్యాడు. తన శిక్షణ ఎక్కడైనా పనిచేసిందా అని వెతుక్కుంటూ ఉంటే, మా తరగతి సంగతి ఎవరో చెప్పారట. ఆయనతో ఇంకో ఇద్దరు వచ్చారు. హెడ్మాస్టరు వక్కాకు ఉమ్మేసి, నోరు కడుక్కొని, భుజం మీద కండువా సర్దుకున్నాడు. పిల్లలు తలలకు నూనె పెట్టుకొని వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

మొదట అంతా నేను కలగన్నట్టే జరిగింది. పిల్లల్ని గోల చేయమన్నాను. ధర్మవరం పిల్లలకు ఆ మాట చెప్పనక్కరలేదు, గది దద్దరిల్లింది. గంట కొట్టాను. నిశ్శబ్దం. మొదటి వరస చివర మా పాప అందరికంటే ముందు చేతులు కట్టుకొని, వేలు నోటి మీద పెట్టుకొని కూర్చుంది. అధికారి చేతిగడియారం చూసుకొని, "అద్భుతం" అన్నాడు. మళ్లీ చేయించాడు. మళ్లీ ఆ పాపే ముందు.

శాస్త్రం తెలిసినవాడు కదా, ఆయనకు ఒక అనుమానం వచ్చింది. "పిల్లలు గంటకు స్పందిస్తున్నారా, ఒకరిని చూసి ఒకరు చేస్తున్నారా అన్నది తేలాలి. వీళ్లందరిలో చురుకైన విద్యార్థిని విడిగా నిలబెట్టండి. గంట ఇటివ్వండి, నేను కొడతాను" అన్నాడు.

సంతోషంగా పాపను లేపాను. బోర్డు వైపు ముఖం పెట్టి నిలబెట్టాను. అధికారి గంట పట్టుకొని గది చివరికి వెళ్లాడు. కొట్టాడు.

నలభై చిల్లర మంది పిల్లలు చేతులు కట్టుకున్నారు. గుమ్మంలో నిలబడిన మా హెడ్మాస్టరు కూడా, ఏ ధ్యాసలో ఉన్నాడో, చేతులు కట్టుకున్నాడు. పాప మాత్రం బోర్డు వైపు చూస్తూ చేతులు జారవిడిచి నిలబడింది. మళ్లీ కొట్టాడు, గట్టిగా. పాప బోర్డు మీద తేదీ చదువుకుంటోంది.

"మొండి పిల్లా?" అన్నాడు అధికారి.

ఇక్కడ నేను చేసిన పని రాయకుండా దాటేయొచ్చు. ఇన్నేళ్లూ దాటేశాను కూడా. నేను చేతులు నలుపుకుంటూ, "ఈ మధ్య కొంచెం సోమరితనం సార్" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే పాప నా వైపు తిరిగింది. గదిలో ఏదో తప్పు జరిగిందని, అది తనదేనని నా ముఖం చూసి ఆమెకు అర్థమైంది. తప్పేమిటో మాత్రం తెలియలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కళ్లు నా ముఖం మీద నుంచి నా చొక్కా జేబు మీదికీ, జేబు మీద నుంచి నా చేతి మీదికీ పోయాయి. దేనికోసమో వెతుకుతోంది. ఏమిటో నాకు అప్పుడు తెలియదు.

రెండో తరగతి మేడమ్ ఎప్పుడు లోపలికి వచ్చిందో తెలియదు. ఎవరి అనుమతీ అడగకుండా నేరుగా వచ్చి, పాపను మళ్లీ బోర్డు వైపు తిప్పి, ఆమె తల వెనక రెండు చేతులూ చాచి గట్టిగా చప్పట్లు కొట్టింది. మొదటి వరస పిల్లలు ఉలిక్కిపడ్డారు. పాప కదల్లేదు. మేడమ్ ఆమెను పేరు పెట్టి పిలిచింది, ఒకసారి, రెండుసార్లు, ఆఖరికి వీధిలోకి వినబడేంత గట్టిగా. పాప గౌను మీద పోగులు ఏరుకుంటూ నిలబడింది.

"వినపడల్యా సార్. ఈ బిడ్డకు వినపడదు" అంది మేడమ్.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికి గంట అవసరం లేకపోయింది. అధికారి కొంచెం ఆలోచించి, "ఇది వైద్యపరమైన విషయం, ఈనాటి పరిశీలనలోకి రాదు. ఈ ఒక్క అమ్మాయిని తీసేస్తే ఫలితం సంపూర్ణం" అని రాసుకున్నాడు. నెల తిరిగేలోపు నాకు ప్రశంసాపత్రం వచ్చింది. అందులో నా కృషిని మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలున్నాయి. పాప గురించి ఒక్క అక్షరం లేదు. గోడకు తగిలించాక చూసినప్పుడల్లా ఆ లేని అక్షరమే కనబడేది, అందుకే దించేశాను.

అధికారి వచ్చి వెళ్లిన రోజు సాయంత్రమే నేను రైలు వదిలేసుకొని పాప వాళ్లింటికి వెళ్లాను. మేడమ్ కూడా వస్తానంది. నేనే వద్దన్నాను. ఇంకొకరి ముందు చిన్నబోయే శక్తి ఆ పూటకు అయిపోయింది.

ఒకటే పొడుగాటి గది. నడుమ మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకొని నాయన, పక్కన అంచు దగ్గర పాప. గోడ వారగా అవ్వ కండెలకు పట్టుపోగు చుడుతోంది. గుమ్మంలో నిలబడి పిలిచాను. ఎవరూ పలకలేదు. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. అప్పుడు చూశాను. నాయన చీరకు ఈ చివర నుంచి పోగు చుట్టిన నాడె విసిరే ముందు ఆయన కుడి భుజం కొంచెం లేస్తోంది. అది లేవగానే పాప చెయ్యి తన నాడె మీదికి పోతోంది. ఒక్క మాట లేదు, ఒక్క తప్పు లేదు. అవ్వకు కండె కావాలని చెప్పాలంటే నాయన రెండు వేళ్లు చూపిస్తాడు. నీళ్లు కావాలంటే బొటనవేలు. ఇల్లంతా కళ్లతోనూ చేతులతోనూ నడుస్తోంది.

పాపే ముందు నన్ను చూసింది. నాయన మగ్గం ఆపాడు.

"పాపకు వినబడదప్పా" అన్నాను.

"యాల వినపడదు సార్? పిలిస్తే పలుకుతాది కదా."

"యెట్ల పిలుస్తావు?"

ఆయన అలవాటుగా చెయ్యి పైకెత్తి ఊపాడు. అలాగే ఎత్తిన చెయ్యి దించకుండా ఆగిపోయాడు. కొంచెంసేపటికి పాప వీపు వైపు తిరిగి, నోటితో పిలిచాడు. "పాపా." మళ్లీ పిలిచాడు. ఇంకా గట్టిగా పిలిచాడు. పక్కింటి మగ్గం ఆగింది. ఎదురింటివాళ్లు గుమ్మంలోకి వచ్చారు. పాప తెగిన పోగును వేళ్లతో మెలిపెట్టి అతుకుతూ కూర్చుంది.

"మా ఇంట్లో యెవురు యింటారు నాయనా? అందరమూ చేతుల్తోనే మాట్లాడుకుంటాం. ఎట్ల తెలుస్తాది?" అంది అవ్వ, ఎవరినీ నిందించకుండా.

నాయన గుంతలోంచి లేచి వచ్చి పాప ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆమె ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. తరవాత నా వైపు తిరిగి, "అయితే సార్, ఆ సున్నాలు పాపవి కావా?" అని అడిగాడు.

"కావప్పా. నావి" అన్నాను.

నా ఉద్యోగ జీవితంలో నేను చెప్పిన సరైన సమాధానాల్లో అదొకటి. నాకు సిగ్గేసింది. ఆ ఇంట్లో వాళ్లు గమనించకపోవడానికి మగ్గం ఉంది, చప్పుడు ఉంది, తరాల అలవాటు ఉంది. నాకు ఏముంది? పెనుకొండ నోట్సు ఉంది.

ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. పాప ఎదురుగా కూర్చొని, పెదాలు కనబడేలా మెల్లగా అడిగాను. "గంట వినబడకపోతే నువ్వు అందరికంటే ముందు చేతులు ఎట్ల కట్టుకుంటాంటివి?"

అంత సులువైన ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో ఆమెకు అర్థం కాలేదు. "మీరు సుద్దముక్క జోబీలో యేసుకుంటారు కదా సార్. యేసుకుంటే చేతులు కట్టుకోవల్ల" అంది. మళ్లీ, నేను బాధపడతానేమోనని కాబోలు, "పొద్దున ఆ సారు యేసుకోల్యా" అంది.

గంట పట్టుకోవడానికి ముందు కుడి చేతిలో సుద్దముక్క చొక్కా జేబులో వేసుకుంటానని నాకే తెలియదు. చొక్కా జేబులన్నీ ఎందుకు తెల్లబడుతున్నాయని నా భార్య బడి తెరిచినప్పటి నుంచీ అడుగుతోంది. నలభై మందిని అలవాటులో పెట్టానని నేను విర్రవీగుతుంటే, మొదటి వరస చివర కూర్చొని ఒక పాప నా అలవాటును కనిపెట్టి, నాయన భుజాన్ని చదివినట్టు నన్ను చదివింది. ఆ కథలో గంట కొట్టిన పండితుణ్ని నేననుకున్నాను. పండితుడు ఎవరో, రెండోది ఎవరో ఆ సాయంత్రం తెలిసింది.

ఆదివారం నాయనా పాపా హిందూపురం వచ్చారు. చెవుల డాక్టరు చూసి, చిన్నప్పటి చీముతో ఒక చెవి పూర్తిగా పోయిందని, రెండోది మిషను పెడితే కొంత పనిచేస్తుందని చెప్పాడు. మిషను రావడానికి ఏడాది పైనే పట్టింది, అదొక పెద్ద కథ. పాప మగ్గానికి వెళ్లిపోవడం మాత్రం ఆగింది. పొద్దునా సాయంత్రం అంచు వేస్తుంది, నడుమ బడికి వస్తుంది అని నాయన అన్నాడు. నేను వీపుల వెనక తిరగడం మానేశాను. కుర్చీ లాక్కొని పిల్లలకెదురుగా కూర్చొని డిక్టేషన్ చెప్పాను. మొదటిరోజు పాపకు పదికి ఆరు వచ్చాయి. కాపీ కొట్టేవాళ్లకు పదికి పది వచ్చాయి. వాళ్ల జోలికి నేను పోలేదు.

చార్టు చించేశాను. పిల్లలు మళ్లీ గోల మొదలుపెట్టారు. రెండో తరగతి మేడమ్‌కు క్షమాపణ చెప్పబోతే, "నాకెందుకు సార్ చెప్తారు?" అని పలకలు దిద్దుకుంది. గంట ఇంటికి తెచ్చి నా భార్య చేతిలో పెట్టాను. ఆమె చింతపండు వేసి తళతళలాడేలా తోమి, అనుమానంగా చూసింది. "ఇంక దీన్ని కొడితే మా దేవుడు గూడా చేతులు కట్టుకోని కూచుంటాడేమో" అంది.

ప్రశంసాపత్రం పుణ్యమా అని తరవాత తరవాత నన్నే శిక్షణలిచ్చేవాణ్ని చేశారు. అదే పెనుకొండ, అదే హాలు, ఆ పావురాల మనవలు. ప్రవర్తనావాదం వచ్చినప్పుడు కుక్క కథా చెప్పేవాణ్ని, పిప్పరమెంట్లూ చెప్పేవాణ్ని. అందులో పనికొచ్చేది కొంత ఉంది, లేదనను. మెచ్చుకుంటే పిల్లలు చేస్తారు, తిట్టకుండా కూడా తరగతి నడుస్తుంది. కానీ చివర్లో, మీ ఆధారాలు చూసుకొనే ముందు పిల్ల ముఖం ఒకసారి చూడండని చెప్పేవాణ్ని. అప్పటికి సగం మంది నిద్రపోయేవాళ్లు. వాళ్లను లేపేవాణ్ని కాదు.

రిటైరయ్యే ముందు ఏడాది, ధర్మవరం స్టేషన్‌లో సాయంత్రం ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాను. ఎవరో యువతి ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టింది. చెవి వెనక మిషను, చేతిలో చుట్టిన గళ్ల కాగితాలు. గౌనుకు బదులు చీర మీద అవే పట్టుపోగులు. పదో తరగతి దాకా చదివానని, ఇప్పుడు చీరల అంచులకు డిజైన్లు గీస్తానని, వీధిలో సగం మగ్గాలు తన అంచులే నేస్తాయని చెప్పింది. నాయన బాగున్నాడట. అవ్వ పోయిందట. మాట కొంచెం బరువుగా ఉన్నా, గొంతు మెల్లగానే ఉంది. ఆ వీధిలో పుట్టి అలా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు.

ఆమెకు ఒక మాట చెప్పాలని నాకు ఏళ్లుగా ఉంది. ఆ రోజు అధికారి ముందు నేనన్న "సోమరితనం" అన్న మాట ఆమెకు వినబడలేదు. కానీ అన్నాను. ఆమె వినలేదు కదా అని ఊరుకోవడం ఎలా? దూరంగా రైలు కూత పెట్టింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేననిపించింది. గొంతు సవరించుకొని, చేతిలో ఉన్న టికెట్టు చొక్కా జేబులో వేసుకున్నాను.

ఆమె కాగితాలు చటుక్కున చంకలో పెట్టుకొని, చేతులు కట్టుకొని, నోటి మీద వేలు పెట్టుకొని, అంత జనంలో నిటారుగా నిలబడింది. నవ్వు ఆపుకోవడానికి చాలా అవస్థపడింది.